ఒకే మొలారిటీ ఉన్న హెచ్‌సీఎల్‌కీ ఎసిటిక్ యాసిడ్‌కీ ఒకే వాల్యూమ్ కాస్టిక్ ఎందుకు పడుతుంది?

బైపీసీ_భవ్య

అందరికీ నమస్తే. ఇంటర్ చదువుతున్నాను. అయానిక్ ఈక్విలిబ్రియం చాప్టర్‌లో ఒక విషయం ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. 0.1 మొలార్ (లీటరుకి 0.1 మోల్) హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) పీహెచ్ 1; పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ. అదే 0.1 మొలార్ ఎసిటిక్ యాసిడ్‌కి లెక్క చేస్తే 2.87 వస్తుంది. అంటే హెచ్‌సీఎల్‌లో ఉన్న హైడ్రోజన్ అయాన్లలో దాదాపు డెబ్బై అయిదో వంతే ఎసిటిక్ యాసిడ్‌లో ఉన్నాయి. మరి రెండూ 20 మి.లీ. చొప్పున తీసుకుని 0.1 మొలార్ కాస్టిక్ సోడాతో టైట్రేట్ చేస్తే (ఆమ్లం అయిపోయేదాకా క్షారం కొంచెం కొంచెంగా పోస్తూ కొలిస్తే) రెండింటికీ సరిగ్గా 20 మి.లీ. పడుతుంది అంటున్నారు. అయాన్లు అంత తక్కువ ఉన్నప్పుడు క్షారం కూడా తక్కువే పట్టాలి కదా? ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, ఫార్ములా గుర్తుపెట్టుకో చాలు అన్నారు. నాకు ఫార్ములా వచ్చు. బలమైనదానికి పట్టినంత క్షారమే దీనికీ పడితే ఇక "బలహీన" అనడంలో అర్థమేంటో అదే తెలియట్లేదు.

జీడిమెట్ల_క్యూసీ

మంచి డౌట్ చెల్లీ. నేను ఫార్మాలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్ష) చేస్తాను, రోజంతా బ్యూరెట్ (ద్రావణం కొలిచి పోసే గీతల గొట్టం) దగ్గరే నా పని. పీహెచ్ మీటర్ చెప్పేది ఒకటి, బ్యూరెట్ చెప్పేది ఇంకొకటి. ఈ క్షణాన నీళ్ళలో విడిగా ఉన్న హైడ్రోజన్ అయాన్లు ఎన్ని అనేదే మీటర్ చూపిస్తుంది. మొత్తం మీద ఆ యాసిడ్ ఇవ్వగలిగినవి ఎన్ని అనేది బ్యూరెట్ లెక్క. నీ ఫ్లాస్కులో 20 మి.లీ. 0.1 మొలార్ అంటే 2 మిల్లీమోల్స్ యాసిడ్ ఉంది. విడిపోయింది 1.3 శాతమే, ఒప్పుకుంటా, కానీ మిగతా 98.7 శాతం ఎక్కడికీ పోలేదు, ఫ్లాస్కులోనే ఉంది. నువ్వు కాస్టిక్ పోసేకొద్దీ అదీ రియాక్షన్‌లోకి వస్తుంది. అందుకే రెండింటికీ 20.

పెన్షనర్_కెమిస్ట్రీ

అమ్మా భవ్యా, క్యూసీ అబ్బాయి చెప్పింది సరైనదే, కొంచెం వివరంగా చెప్తాను. ఏటి ఇసుకలో చెలమ తవ్వితే అడుగున ఒక చెంబెడు నీళ్ళే కనిపిస్తాయి. ఆ చెంబెడూ తోడేస్తే మళ్ళీ ఊరుతుంది. కనిపించే నీళ్ళను కొలిస్తే ఒక లెక్క, ఊట ఆగేదాకా తోడి కొలిస్తే ఇంకో లెక్క. పీహెచ్ మొదటి లెక్క, టైట్రేషన్ రెండోది.

ఇప్పుడు అంకెల్లోకి రా. ఎసిటిక్ యాసిడ్ నీళ్ళలో విడిపోయే చర్యకి సమతాస్థితి స్థిరాంకం కేఏ 1.8 × 10⁻⁵, చాలా చిన్నది. నీళ్ళు ప్రోటాన్‌ని (అంటే హైడ్రోజన్ అయాన్‌ని) లాక్కోవడంలో అంత సమర్థత లేనివి కాబట్టి ఎసిటేట్ దాన్ని వదలదు. అదే అణువు దగ్గరికి హైడ్రాక్సైడ్ అయాన్ వచ్చిందనుకో, దాని స్థిరాంకం కేఏని నీటి అయానిక లబ్ధం 10⁻¹⁴తో భాగిస్తే వస్తుంది, అంటే 1.8 × 10⁹. ఆ అంకె చూడు. వందకోట్లు దాటింది. చర్య పూర్తిగా ముందుకే పోతుంది, ఒక్క అణువు కూడా మిగలదన్నంతగా. పైగా ప్రోటాన్ మార్పిడి అతి వేగంగా జరిగిపోతుంది, మనం బ్యూరెట్ దగ్గర ఆగి కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

అంటే "బలహీన" అనే మాట ఆమ్లానికీ నీటికీ మధ్య ఉన్న సంబంధం గురించి. నీళ్ళ చేతిలో బలహీనంగా కనిపించిన ఆమ్లం హైడ్రాక్సైడ్ ముందు మొత్తం ఇచ్చేస్తుంది. మెగ్నీషియం రిబ్బన్‌తో చేసినా ఇదే చూస్తావు. హెచ్‌సీఎల్‌లో బుసబుసమని బుడగలు వస్తాయి, ఎసిటిక్‌లో నెమ్మదిగా వస్తాయి. కానీ ఆమ్లం మోల్స్ సమానంగా ఉండి రిబ్బన్ సరిపడా ఉంటే చివరికి వచ్చే హైడ్రోజన్ వాయువు రెండింట్లోనూ ఒకే ఘనపరిమాణం.

కరీంనగర్_కిరణ్

ఇంత లెక్క ఎందుకు సార్. హెచ్‌సీఎల్ చేతిమీద పడితే కాలుతుంది, వెనిగర్ నూడుల్స్‌లో పోసుకుని తింటున్నాం. కాల్చేది బలమైనది, కాల్చనిది బలహీనమైనది. పదో తరగతి బల్బు ప్రయోగం కూడా అదే చెప్తుంది, హెచ్‌సీఎల్‌లో బల్బు బాగా వెలుగుతుంది, ఎసిటిక్ యాసిడ్‌లో మినుకు మినుకుమంటుంది. పిల్లలకి ఇలా చెప్తే చాలు.

జీడిమెట్ల_క్యూసీ

కిరణ్ భాయ్, పిల్లలకి అలా చెప్తేనే ప్రమాదం. వెనిగర్‌లో ఎసిటిక్ యాసిడ్ ఉండేది 4, 5 శాతం, మిగతాదంతా నీళ్ళే. మా ల్యాబ్‌లో గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ అని అసలు నీళ్ళు లేని రకం ఉంటుంది, సుమారు 17 మొలార్. డిసెంబర్, జనవరిలో పొద్దున్నే వెళ్ళి చూస్తే బాటిల్ గడ్డకట్టి ఉంటుంది, 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి. మూత తీస్తే ముక్కు పగిలిపోతుంది, చర్మం మీద పడి కడుక్కోవడం లేటయితే బొబ్బలెక్కుతుంది. ఫ్యూమ్‌హుడ్, గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ఎవర్నీ ముట్టనివ్వరు. అదే గ్లేషియల్‌లో నువ్వు చెప్పిన బల్బు పెట్టు, అస్సలు వెలగదు. నీళ్ళు లేవు, విడిపోయేందుకు అవకాశం లేదు, అయాన్లు లేవు. ఒంటిని కాల్చేది, బల్బు వెలిగించనిది రెండూ ఒకే సీసాలో ఉన్నాయి.

రెండోవైపు కూడా చూడు. 0.001 మొలార్ హెచ్‌సీఎల్ నూటికి నూరు శాతం విడిపోయిన బలమైన ఆమ్లం, పీహెచ్ 3. ఇంట్లో వెనిగర్ పీహెచ్ 2.4 దగ్గర ఉంటుంది. అంటే ఆ హెచ్‌సీఎల్ కన్నా వెనిగరే ఎక్కువ ఆమ్లంగా ఉంది. బలం, గాఢత ఒకటే అనుకుంటే ఈ రెండు అంకెలు ఎప్పటికీ అర్థం కావు.

ఫ్యాబ్_అరిజోనా

తెలుగులో ఇలాంటి చర్చ చూసి ఆగలేక రాస్తున్నా. నేను అరిజోనాలో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. కిరణ్ గారూ, మీరు చెప్పిన సూత్రం నమ్ముకుంటే మా దగ్గర ప్రాణం పోతుంది, అతిశయోక్తి కాదు. సిలికాన్ వేఫర్ మీద ఆక్సైడ్ పొర తీయడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ (హెచ్‌ఎఫ్) వాడతాం. పుస్తకం లెక్కన అది బలహీన ఆమ్లం, పీకేఏ (కేఏకి మైనస్ లాగ్, ఎక్కువైన కొద్దీ ఆమ్లం బలహీనం) 3.17. 0.1 మొలార్ ద్రావణంలో సుమారు 8 శాతమే విడిపోతుంది. కానీ మా ట్రైనింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పింది దీని గురించే.

ఎందుకంటే విడిపోకుండా ఉన్న హెచ్‌ఎఫ్ అణువుకి ఛార్జ్ ఉండదు, చిన్నది, చర్మం గుండా లోపలికి దిగిపోతుంది. హెచ్‌సీఎల్ పడితే వెంటనే మండుతుంది, వెంటనే కడుక్కుంటాం. ఇది తక్కువ గాఢతలో ఒంటిమీద పడితే మొదట ఏమీ తెలియకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. అప్పటికే లోపల ఫ్లోరైడ్ వెళ్ళి రక్తంలోని కాల్షియంని పట్టేసుకుంటూ ఉంటుంది. కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే మా దగ్గర కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎప్పుడూ చేతికందేచోట ఉంటుంది. పడిన వెంటనే నీళ్ళతో కడగాలి, జెల్ రాయాలి, చిన్న మచ్చే కదా అనుకోకుండా ఆస్పత్రికి పోవాలి.

గమనించారా, అది పూర్తిగా విడిపోకపోవడమే, అంటే బలహీనంగా ఉండటమే, దాన్ని చర్మం దాటిస్తోంది. పైగా గాజుని కూడా తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంచుతారు. చిక్కని సల్ఫ్యూరిక్ యాసిడ్ గాజుసీసాలో ఏళ్ళ తరబడి హాయిగా ఉంటుంది.

బైపీసీ_భవ్య

అమ్మో, ఇది మా పుస్తకంలో ఒక్క లైన్ కూడా లేదు. థాంక్యూ అన్నా. కానీ ఫ్లోరిన్‌కి ఎలక్ట్రోనెగటివిటీ అన్నిటికన్నా ఎక్కువ కదా, హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు బాగా లాగేసుకుంటుంది, అప్పుడు హైడ్రోజన్ ఇంకా ఈజీగా ఊడిపోవాలి. హెచ్‌సీఎల్, హెచ్‌బీఆర్, హెచ్‌ఐ బలమైనవి అయి హెచ్‌ఎఫ్ ఒక్కటే బలహీనం ఎలా అయింది?

పెన్షనర్_కెమిస్ట్రీ

ఎలక్ట్రాన్లను లాగడం ఒకటి, బంధం తెగడం ఒకటి. హైడ్రోజన్-ఫ్లోరిన్ బంధం తెంచడానికి మోల్‌కి 565 కిలోజౌళ్ళకు పైగా కావాలి. హెచ్‌సీఎల్‌కి 431, హెచ్‌బీఆర్‌కి 366, హెచ్‌ఐకి 300 లోపే. ఫ్లోరిన్ చిన్న పరమాణువు, హైడ్రోజన్‌తో అంత దగ్గరగా అతుక్కుంటుంది. అయితే కథ బంధంతో అయిపోదు. ఫ్లోరైడ్ అయాన్ చిన్నది కావడంతో దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా బిగుసుకుంటాయి, ఆ బిగింపులో శక్తి బాగానే విడుదలవుతుంది కానీ నీళ్ళ స్వేచ్ఛ తగ్గి ఎంట్రోపీ (చెల్లాచెదురుతనం) పడిపోతుంది. ఈ జమాఖర్చులన్నీ వేశాక విడిపోవడం లాభం కాదని తేలుతుంది.

ఆ బిగింపు వల్లే ఇంకో విశేషం ఉంది, పరీక్షలో కూడా అడుగుతారు. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే మోల్‌కి సుమారు 57.3 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. బలహీన ఆమ్లం అయితే అణువు విడిపోవడానికి కొంత ఖర్చవుతుంది కాబట్టి తగ్గుతుంది, ఎసిటిక్‌కి 55, 56 దగ్గర, హైడ్రోసయనిక్ యాసిడ్‌కి అయితే 12 దగ్గరికి పడిపోతుంది. హెచ్‌ఎఫ్ మాత్రం ఎదురు తిరుగుతుంది, 68 దాకా వస్తుంది. "బలహీన ఆమ్లానికి ఎప్పుడూ తక్కువే" అని రాస్తే తప్పు.

వసంత_వంటిల్లు

నాకు కెమిస్ట్రీ అంతగా రాదండీ, చదువుతుంటే ఆసక్తిగా ఉంది. ఒకటి అడుగుతాను. మా ఇంట్లో రాగి చెంబులు, ఇత్తడి బిందెలు పండగకి చింతపండుతో తోముతాం, నిమిషంలో తళతళలాడతాయి. చింతపండు బలహీనమే అయితే, బాత్రూమ్ యాసిడ్ ఒక చుక్క వేసి తోమితే ఇంకా సులువు కదా అని మా కోడలు అంటోంది. వద్దని చెప్పాను కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోయాను.

జీడిమెట్ల_క్యూసీ

వద్దని చెప్పి మంచిపని చేశారు పిన్నిగారూ. బాత్రూమ్ యాసిడ్‌లో సుమారు 10 శాతం హెచ్‌సీఎల్ ఉంటుంది, అంటే దాదాపు 3 మొలార్. రాగి మీద నల్లగా కట్టిన ఆక్సైడ్‌ని అదీ కరిగిస్తుంది, నిజమే. కానీ ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. హెచ్‌సీఎల్ జింకుని తినేస్తుంది, పైన రాగి మిగిలి బిందె ఎర్రగా, మచ్చలుమచ్చలుగా అయిపోతుంది. ఆ మచ్చలు ఎంత తోమినా పోవు.

చింతపండులో ఉండేది టార్టారిక్ యాసిడ్, పీకేఏ 3 దగ్గర. ఆక్సైడ్ పొరని కరిగించడానికి ఆ ఆమ్లత్వం సరిపోతుంది. దానికి తోడు టార్టరేట్ అయాన్ కరిగిన రాగిని పట్టుకుని ఉంచుతుంది, మళ్ళీ గిన్నె మీదికి పోనివ్వదు. భవ్యా, ఫెహ్లింగ్ ద్రావణంలో (చక్కెరల్ని గుర్తించే రాగి ద్రావణం) రొషెల్ లవణం ఎందుకు వేస్తారో చదువుకున్నావు కదా, అక్కడ కూడా క్షారంలో రాగి హైడ్రాక్సైడ్‌గా అడుగున పడిపోకుండా పట్టుకునేది ఈ టార్టరేటే.

ఇంకొక్క మాట, ఇది అందరికీ. బాత్రూమ్ యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి, ఒకటి పోసిన చోట కడగకుండా రెండోది చల్లకండి. క్లోరిన్ వస్తుంది. తలుపు మూసున్న చిన్న బాత్రూమ్‌లో ఊపిరాడక పడిపోతారు.

వసంత_వంటిల్లు

చాలా సంతోషం నాయనా. మా అత్తగారు కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టనిచ్చేవారు కాదు, పెరుగు అసలే పోయనిచ్చేవారు కాదు, చిలుము పడుతుంది, వాంతులవుతాయి అనేవారు. అదీ ఈ యాసిడేనా?

పెన్షనర్_కెమిస్ట్రీ

అదేనమ్మా. రాగి ఆమ్లంతో కలిసి హైడ్రోజన్‌ని ఇవ్వదు, అది బలమైన హెచ్‌సీఎల్ అయినా సరే. కానీ గాలిలో ఆక్సిజన్ ఉంది కదా, అది రాగిని ఆక్సీకరిస్తుంది, పులుసులో టార్టారిక్, పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఆ ఆక్సైడ్‌ని కరిగించి లవణాలుగా మారుస్తాయి. గిన్నె అంచున, పులుసూ గాలీ రెండూ తగిలేచోట ముందుగా పచ్చగా కనిపించేది ఇందుకే. రాగి లవణాలు ఎక్కువైతే కడుపులో వికారం, వాంతులు. తగరంతో కళాయి పోయిస్తే పులుపు రాగికి తగలదు. పులుసు రాత్రంతా అందులోనే నిలవుంచితే బలహీన ఆమ్లమే బోలెడంత రాగిని కరిగిస్తుంది, దానికి కావలసింది వ్యవధి.

బ్యాటరీ_షాపు_తణుకు

నేను లారీ, కారు, ఇన్వర్టర్ బ్యాటరీలు చేస్తానండి. చదువు టెన్త్ వరకే. మా పనంతా సల్ఫ్యూరిక్‌తోనే. హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం కొలిచేది) పెడితే ఫుల్ చార్జిలో 1.28 చూపించాలి, దిగిపోయిన బ్యాటరీ 1.15 లోపే చూపిస్తుంది. నేను గమనించిన రెండు సంగతులు చెప్తాను. బ్యాటరీ యాసిడ్ చొక్కా మీద చిన్న తుంపర పడితే అప్పుడు ఏమీ కనపడదు. ఉతికి ఆరేశాక చూస్తే అక్కడ జల్లెడలా చిల్లులు ఉంటాయి. రెండోది, చిక్కటి యాసిడ్ ఇనుప ట్యాంకర్లలో వస్తుంది, ఏమీ అవదు. మేం నీళ్ళు కలిపి పలచగా చేసినది పొరపాటున ఇనుప డబ్బాలో పోస్తే బుడగలు లేచి డబ్బా తినేస్తుంది. చిక్కటిది తినకుండా పలచటిది ఎలా తింటుందండీ?

పెన్షనర్_కెమిస్ట్రీ

చాలా మంచి పరిశీలన బాబూ, ఇది డిగ్రీ విద్యార్థులకి కూడా తట్టదు. 98 శాతం సల్ఫ్యూరిక్‌లో దాదాపు తొమ్మిది ఆమ్ల అణువులకి ఒక్క నీటి అణువే దొరుకుతుంది. ప్రోటాన్ తీసుకునే నీళ్ళే లేనప్పుడు ఎవరికిస్తుంది? ఎక్కువభాగం అణువులుగానే ఉండిపోతుంది. పైగా ఇనుము మీద మొదట కొంచెం చర్య జరిగి ఐరన్ సల్ఫేట్ పొర కడుతుంది, ఆ పొర చిక్కటి ఆమ్లంలో కరగదు, లోపలి ఇనుముని కాపాడుతుంది. మీరు నీళ్ళు కలపగానే రెండూ తారుమారవుతాయి. హైడ్రోజన్ అయాన్లు పుట్టుకొస్తాయి, ఆ పొర నీళ్ళలో కరిగిపోతుంది, ఇనుము బయటపడుతుంది.

చొక్కా సంగతి: పలచటి ఆమ్లంలో నీరు ఆవిరవుతుంది, సల్ఫ్యూరిక్ ఆవిరవదు, కాబట్టి ఆరేకొద్దీ ఆ మచ్చ దగ్గర చిక్కబడుతుంది. నూలు అంటే సెల్యులోజ్, దాని గొలుసుల్ని ఆమ్లం తెగ్గొడుతుంది. పోగులు అప్పటికే పిప్పి అయిపోయి ఉంటాయి, ఉతుకులో రాలిపోతాయి. తుంపర పడిన వెంటనే ఎక్కువ నీళ్ళతో తడిపి, తినేసోడా నీళ్ళు పోసి, మళ్ళీ కడిగేస్తే చొక్కా దక్కుతుంది. మీకు తెలిసే ఉంటుంది కానీ చదివే పిల్లల కోసం రాస్తున్నా, పలచన చేసేటప్పుడు ఎప్పుడూ నీళ్ళలోకే ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఆమ్లంలోకి నీళ్ళు పోస్తే పైనే తేలి, అక్కడికక్కడ మరిగి, ముఖం మీదికి చిమ్ముతుంది.

కరీంనగర్_కిరణ్

సరే సార్, కాల్చడం, బలం వేరువేరు అన్నది అర్థమైంది. అయితే ఒక ప్రశ్న. బలమైన ఆమ్లాలన్నీ నీళ్ళలో నూటికి నూరు శాతం విడిపోతాయంటున్నారు. మరి వాటిలో వాటికి ఏది గట్టిది అని ఎలా చెప్తారు? పెర్‌క్లోరిక్ అన్నిటికన్నా బలమైనది అని ఎక్కడో చదివాను. నూరు శాతం దాటి విడిపోయేది ఉండదు కదా.

జీడిమెట్ల_క్యూసీ

ఈ ప్రశ్నకి జవాబు నేను వారం వారం ల్యాబ్‌లో చూస్తుంటాను. నీళ్ళలో అయితే చెప్పలేం. హెచ్‌సీఎల్, నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఏది వేసినా మొత్తం ప్రోటాన్లు నీళ్ళు లాగేసుకుంటాయి, చివరికి మిగిలేది హైడ్రోనియం అయానే (ప్రోటాన్ పట్టుకున్న నీటి అణువు). అన్నీ ఒకే మట్టానికి వచ్చేస్తాయి. వాటి మధ్య తేడా బయటపడాలంటే ప్రోటాన్‌ని అంత తేలిగ్గా తీసుకోని ద్రావణి కావాలి. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ అలాంటిదే. అందులో వేసి చూస్తే పెర్‌క్లోరిక్ ముందుంటుంది, నైట్రిక్ బాగా వెనకబడుతుంది.

మా దగ్గర నాన్ ఆక్వియస్ (నీళ్ళు లేని) టైట్రేషన్ అంటే ఇదే. చాలా మందులు బలహీన క్షారాలు, నీళ్ళలో టైట్రేట్ చేస్తే ఎండ్ పాయింట్ (ఆపాల్సిన చోటు) ఎక్కడో తెలీనంత మొద్దుగా వస్తుంది. అదే శాంపిల్‌ని గ్లేషియల్‌లో కరిగించి, 0.1 మొలార్ పెర్‌క్లోరిక్‌తో, క్రిస్టల్ వయొలెట్ అనే రంగు సూచిక రెండు చుక్కలు వేసి చేస్తే వంకాయరంగు నుంచి నీలం, ఇంకొంచెం పోస్తే పచ్చ. రంగు స్పష్టంగా మారుతుంది. నీళ్ళు కొంచెం ఉన్నా పాడవుతుంది, ఎందుకంటే ఎసిటిక్ యాసిడ్ కన్నా నీళ్ళు బలమైన క్షారం, మధ్యలో దూరి ప్రోటాన్ పట్టుకుంటాయి. అందుకే పెర్‌క్లోరిక్ తయారుచేసేటప్పుడు ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ వేసి ఉన్న తడిని కూడా తీసేస్తాం.

ఫ్యాబ్_అరిజోనా

కిరణ్ గారికి ఇంకొకటి. 2004లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ రీడ్ బృందం కార్బోరేన్ ఆమ్లం తయారుచేసింది. చిక్కటి సల్ఫ్యూరిక్ కన్నా కనీసం పదిలక్షల రెట్లు బలమైనది. అయినా గాజు సీసాలో నిల్వ చేయొచ్చు. ప్రోటాన్ ఇచ్చేశాక మిగిలే అయాన్ చాలా స్థిరంగా ఉండి ఇంక దేని జోలికీ పోదు. మా హెచ్‌ఎఫ్ పక్కన దీన్ని పెట్టి చూడండి: బలహీనమైనది గాజుని తింటోంది, ఇంత బలమైనది తినడంలేదు. తినేది ఫ్లోరిన్ కాబట్టి, ప్రోటాన్ ఎంత తేలిగ్గా ఊడుతుందనేది అక్కడ లెక్కలోకే రాదు.

బైపీసీ_భవ్య

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. నిన్న కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేశాం. హెచ్‌సీఎల్‌కి మిథైల్ ఆరెంజ్ అనే రంగు సూచిక వేస్తే సరిగ్గా వచ్చింది. ఎసిటిక్‌కి కూడా అదే వేసి చూశాను, మొదట్లోనే రంగు మారడం మొదలై, ఆరేడు మి.లీ.కే పూర్తిగా పసుపు అయిపోయింది. మళ్ళీ మొదటి డౌట్ వచ్చేసింది, నిజంగానే ఎసిటిక్‌కి తక్కువ క్షారం పడుతోందా అని.

జీడిమెట్ల_క్యూసీ

అదే నిజంగా ప్రయోగం చేసినవాళ్ళకి వచ్చే డౌట్. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్య రంగు మారుతుంది. దానికి పీహెచ్ తప్ప ఇంకేమీ తెలీదు, ఆమ్లం అయిపోయిందో లేదో తెలీదు. హెచ్‌సీఎల్‌తో చూడు: 10 మి.లీ. కాస్టిక్ పోసినా పీహెచ్ 1.48, 18 మి.లీ. పోసినా 2.28, 19.9 దగ్గర 3.6, 20.1 దగ్గర 10.4. ఆ నాలుగు చుక్కల్లో పీహెచ్ దాదాపు ఏడు అంకెలు ఎగబాకుతుంది. ఆ ఎగబాకే దారిలో మిథైల్ ఆరెంజ్ ఉంది, ఫినాల్ఫ్తలీన్ అనే ఇంకో సూచిక ఉంది, ఏది వేసినా ఒకే చోట మారుతుంది.

ఎసిటిక్ మొదలవడమే 2.87 దగ్గర. కొంచెం కాస్టిక్ పడగానే 3.1 దాటుతుంది, 6.3 మి.లీ. దగ్గర 4.4కి వస్తుంది, నీకు పసుపు వచ్చింది అక్కడే. అప్పటికి ఆమ్లంలో మూడోవంతు కూడా అయిపోలేదు. 20 మి.లీ. పోశాక ఫ్లాస్కులో మిగిలేది సోడియం ఎసిటేట్, అది క్షారం వైపు ఉంటుంది, పీహెచ్ 8.72. కాబట్టి 8.2 దగ్గర రంగు తిరిగే ఫినాల్ఫ్తలీన్ వెయ్యాలి. రేపు అదే ఫ్లాస్కు, అదే ఆమ్లం, ఫినాల్ఫ్తలీన్‌తో చెయ్యి, 20 వస్తుంది.

పెన్షనర్_కెమిస్ట్రీ

చేస్తున్నావు కాబట్టి, పీహెచ్ మీటర్ దొరికితే 10 మి.లీ. దగ్గర ఆగి ఒకసారి రీడింగ్ తీసుకో. ముందు కాగితం మీద లెక్కేసి చూడు, ఎంత రావాలో.

ఇదంతా ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలనిపిస్తోంది. లవణాలూ ఆమ్లాలూ నీళ్ళలో అయాన్లుగా విడిపోతాయని అరీనియస్ 1884లో స్వీడన్‌లోని ఉప్సాలాలో థీసిస్ రాస్తే అక్కడి ప్రొఫెసర్లు తక్కువ గ్రేడ్ ఇచ్చి పంపించారు. ఆస్ట్వాల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త మాత్రం అది చదివి స్వయంగా అతన్ని కలవడానికి వెళ్ళాడు. తర్వాత 1888లో ఆస్ట్వాల్డ్ విలీనతా నియమం వచ్చింది, బలహీన ఆమ్లాన్ని పలచన చేసేకొద్దీ విడిపోయే శాతం పెరుగుతుందని. ఎసిటిక్‌కి లెక్కేస్తే 0.1 మొలార్‌లో 1.3 శాతం, 0.01లో 4 శాతం పైన, 0.001లో 12.5 శాతం. వాళ్ళు పీహెచ్ మీటర్ చూసినవాళ్ళు కాదు, పీహెచ్ అన్న మాటే 1909లో సోరెన్‌సెన్ పెట్టింది. ద్రావణంలో కరెంటు ఎంత పోతుందో కొలిచి ఇదంతా తేల్చారు. అరీనియస్‌కి 1903లో నోబెల్ వచ్చింది.

బైపీసీ_భవ్య

సార్, లెక్క చేశాను. 10 మి.లీ. దగ్గర సగం ఆమ్లం ఎసిటేట్ అయిపోతుంది, సగం ఆమ్లంగానే ఉంటుంది. పీహెచ్ = పీకేఏ + లాగ్ (ఎసిటేట్/ఆమ్లం) ఫార్ములాలో నిష్పత్తి 1, లాగ్ విలువ సున్నా. పీహెచ్ 4.74 వచ్చింది. అది పీకేఏనే కదా! 5 మి.లీ. దగ్గర 4.27, 15 దగ్గర 5.22. అంటే 5 నుంచి 15 దాకా పది మి.లీ. పోసినా పీహెచ్ ఒక్క అంకె కూడా పూర్తిగా మారట్లేదు. బఫర్ అంటే ఇదేనా? అలాగైతే ఏదో తెలియని బలహీన ఆమ్లం ఇచ్చినా, మొత్తం పట్టిన వాల్యూమ్ చూసి ఎంత ఉందో చెప్పొచ్చు, సగం దగ్గర పీహెచ్ చూసి ఎంత బలహీనమో చెప్పొచ్చు?

పెన్షనర్_కెమిస్ట్రీ

సరిగ్గా అంతే తల్లీ. ఒకే గ్రాఫ్ నుంచి రెండు వేరు వేరు సంగతులు చదువుతున్నావు. తెలియని బలహీన ఆమ్లం పీకేఏ కనుక్కునే పద్ధతి ఇదే, ఎమ్మెస్సీ ల్యాబులో కూడా ఇలాగే చేయిస్తారు. నువ్వు గమనించిన ఆ చదునైన భాగమే బఫర్.

జీడిమెట్ల_క్యూసీ

సూపర్ చెల్లీ. రేపు చేసేముందు మీటర్‌ని పీహెచ్ 4, పీహెచ్ 7 బఫర్లతో క్యాలిబ్రేట్ చెయ్యమని అడుగు, లేకపోతే 4.74 రాదు. కాస్టిక్ ద్రావణం ఎప్పుడో కలిపి మూత లేకుండా పెట్టింది అయితే వాడొద్దు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలం తగ్గి ఉంటుంది, 20కి బదులు ఎక్కువ పడుతుంది. ఫినాల్ఫ్తలీన్ లేత గులాబీ వచ్చి కాసేపటికి మళ్ళీ తెల్లబడితే కంగారు పడకు, అదీ కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి కార్బోనిక్ యాసిడ్ అవడం వల్లే, అది కూడా బలహీన ఆమ్లమే, పీకేఏ 6.35. ఫ్లాస్కు తిప్పాక రంగు ఓ ముప్పై సెకన్లు నిలిచిందంటే చాలు, అక్కడే ఆపి రీడింగ్ రాసుకో.